పాత గిన్నె

అత్త చనిపోయిన ఆదివారం పొయ్యి మీద సూపు మరుగుతూనే ఉంది.

ఆ రోజు పొద్దున ఎనిమిదింటికల్లా ఆమె ఎముకలు కడిగి కుండలో వేసింది. పదింటికి మసాలా వేయించి దంచింది. పదకొండింటికి పాత గిన్నెలోది కుండలో కలిపి, మూత పెట్టి, మూత మీద గులకరాయి ఉంచి, తన ఎత్తుపీట మీద కూర్చుని గోడకు తల ఆనించింది. అలా కూర్చోవడం ఆమెకు మామూలే. కళ్ళు మూసుకుని రాయి చప్పుడు వినేది. ఆవిరికి మూత కొంచెం లేచి పడినప్పుడల్లా రాయి టక్కుమనేది. మనిషి ఊపిరి తీసి వదిలేంతలో ఒక్కసారి టక్కుమంటే మంట సరిగ్గా ఉన్నట్టు. ఎక్కువైతే కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి తగ్గించేది.

ఒంటిగంటకు కోడలు వచ్చి, "అత్తయ్యా, కంచాలు పెట్టెయ్యనా?" అని అడిగింది. జవాబు రాలేదు. రెండోసారి కొంచెం గట్టిగా అడిగింది. మూడోసారి అడగలేదు.

తరువాత ఇల్లంతా మనుషులే. కింది అంతస్తు డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకు చూసి, ఆ చేతిని ఒళ్ళో జాగ్రత్తగా పెట్టాడు. మామయ్యను ఎవరో కుర్చీలో కూర్చోబెట్టారు. అంత సందడిలోనూ వంటగదిలో రాయి మాత్రం తన లెక్క తప్పకుండా టక్, టక్ అంటూనే ఉంది. కోడలు వెళ్ళి పొయ్యి ఆపింది. ఆపి, తనేం చేస్తోందో తనకే తెలియకుండా, అరలోంచి కడిగిన పాత గిన్నె తీసి, మూడు గంటెల సూపు అందులో పోసి మూత బిగించింది. కుండలో మిగిలినది ఎవరూ ముట్టుకోలేదు. మర్నాడు పారబోశారు.

నిజానికి అది ఆ ఇంటి వంట కాదు. అత్త తల్లి పెళ్ళికి ముందు ఒక ఆంగ్లో ఇండియన్ పియానో టీచరమ్మ ఇంట్లో వంట చేసేది. టీచరమ్మ దాన్ని ములిగటాని అనేదట. ఈ ఇంట్లో మాత్రం అది ఉత్త సూపే. మెడ ఎముకలు, ఎర్ర పప్పు, పుల్లటి ఆపిల్ పండు, వేయించి దంచిన ధనియాలూ జీలకర్రా మిరియాలూ, చివర్న కొబ్బరిపాలూ నిమ్మరసం. సన్నని మంట మీద అయిదు గంటలు. టీచరమ్మ ఇల్లు ఖాళీ చేసి ఓడెక్కి వెళ్ళిపోతూ కుండను వంటమనిషికే ఇచ్చేసి, ఒక మాట చెప్పింది: పాతది కలపకుండా కొత్తది వండకు.

పెరుగుకు తోడు వేసినట్టే. వారం వారం వండినప్పుడల్లా మూడు గంటెలు తీసి దాచాలి. మళ్ళీ వారం మూడో గంట గడిచాక ఆ దాచినది కొత్త కుండలో పోయాలి. ఫ్రిజ్ లేని రోజుల్లో ఆ కాస్త సూపునూ రెండు పూటలా మరగబెట్టి కాపాడేవారట. కొబ్బరిపాలు పోయకముందే తీయాలి, పోస్తే నిలవ ఉండదు. తెల్లటి పింగాణీ పూత గిన్నె, లోపల చుట్టూ నీలం గీత. ఆ గీత దాకా సూపు. తల్లి చేతి నుంచి అత్త చేతికి, ఒక్క వారం తెగకుండా వచ్చింది. అత్త ఆ గిన్నెను కోడలి చేత ఎప్పుడూ నింపనివ్వలేదు.

"నువ్వు కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే మనిషివి. అరమిల్లీమీటరు చూసి పోస్తావు. సూపు అలా రాదు" అనేది.

"మరెలా వస్తుంది అత్తయ్యా?"

"వచ్చినప్పుడు వస్తుంది. ముందు ఉల్లిపాయలు తరుగు."

పన్నెండేళ్ళు ఉల్లిపాయలు తరిగింది కోడలు. ఆఖరికి గిన్నె నింపింది ఆమే. అయితే అందులోది అత్త వండినది. ఉప్పు కూడా పడని, పూర్తికాని సూపు. ఫ్రిజ్ పై అరలో, మంచు పట్టిన మూత కింద అది గడ్డకట్టుకుని ఉండిపోయింది. ఆ తరువాత ఏ ఆదివారమూ ఆ ఇంట్లో సూపు వండలేదు. వండాలంటే పాత గిన్నె కరిగించాలి. కరిగిస్తే ఆమెది అంటూ ఇంక ఏదీ ఉండదు. వండకపోతే తెగిపోతుంది. ఈ మాట ఎవరూ పైకి అనలేదు.

కోడలు మొదటి చెంచా తీసింది మూడో వారంలో. బుధవారం ఆమె పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణానికి సెలవు. ఆ మధ్యాహ్నం భర్త లిఫ్టుల మరమ్మతు పని మీద ఎటో వెళ్ళాడు. మామయ్య పేపర్లు చదవడానికి లైబ్రరీకి వెళ్ళాడు. పాడైందేమో చూద్దామనుకుంది, అంతే. గడ్డ మీద చెంచాతో గీరి, వచ్చిన పొడిని నాలుక మీద పెట్టుకుంది. మొదట చల్లదనం తప్ప ఏమీ లేదు. కరిగాక మిరియం కాస్త చురుక్కుమంది. దాని వెనుక ధనియాలు, ఎముక, పొగ. ఆమె పొయ్యి గట్టు పట్టుకుని నిలబడింది. పీట వైపు చూడలేదు.

గిన్నెలో చిన్న గుంట పడింది. దానిలో నాలుగు చుక్కల నీళ్ళు పోసి మూత పెట్టింది. మర్నాటికి గీతకు సమానంగా గడ్డకట్టింది.

మళ్ళీ బుధవారం చూడకూడదనుకుంది. చూసింది. నెలలు గడిచాయి. ఒక్కో చెంచాకూ ఒక్కో గుంట, ఒక్కో గుంటకూ నాలుగు చుక్కల నీళ్ళు. రంగు వెలిసిపోతోందని ఒకసారి చిటికెడు పసుపు కలిపింది. ఇంకోసారి తీసేసరికి పైపొర తను వేసినదానికన్నా పచ్చగా కనిపించింది. చెయ్యి జారి ఎక్కువ వేశానేమో అనుకుంది. దొంగకు తేలు కుట్టినట్టు, అడగడానికీ లేదు, చెప్పుకోవడానికీ లేదు.

ఇది ఇలా ఉండగా, ఆదివారాలది ఇంకో సంగతి. పదింటికి, అటూ ఇటూగా, వేయించిన మిరియాల వాసన వచ్చేది. మొదటిసారి కోడలు కిటికీలు మూసింది. ఎదురింటివాళ్ళు వండుకుంటున్నారేమో. కిటికీలు మూసినా వచ్చింది. వంటగదిలో పొయ్యి చల్లగా, గట్టు తుడిచినట్టుగా ఉండేది. ముందు గదిలో మామయ్య సరిగ్గా అప్పుడే పేపరు దించి తల ఎత్తేవాడు. ఒక నిమిషం అలాగే ఉండి మళ్ళీ పేపరు ఎత్తేవాడు. ఏమైనా వాసన వస్తోందా అని ఆమె అడగలేదు. ఆయనా అడగలేదు. ఆయన నలభై ఏళ్ళు ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చినవాడు. తలకిందులైనవాటిని, వెనక్కి తిరిగినవాటిని మౌనంగా చదవడం ఆయనకు అలవాటు.

పది నెలలు గడిచాయి. ఒక శనివారం సాయంత్రం ఫ్రిజ్ ఆగిపోయింది.

భర్త టార్చి పట్టుకుని దాని వెనక్కి దూరి పావుగంట తరువాత బయటికి వచ్చాడు. "కంప్రెసర్ పోయింది. ఇంక ఇది బీరువాగానే పనికొస్తుంది."

"పది అంతస్తుల లిఫ్టు బాగుచేసేవాడివి, ఇది చెయ్యలేవా?"

"లిఫ్టు మనుషుల్ని పైకి తీసుకెళ్తే చాలు. చల్లగా ఉంచక్కర్లేదు కదా" అని చేతులు తుడుచుకుని, నవ్వు ఆపేశాడు. "అమ్మ గిన్నె?"

వాళ్ళు దాన్ని మంచుముక్కల బక్కెట్లో పెట్టారు. రేపటికన్నా ఎక్కువ ఉండదని ముగ్గురికీ తెలుసు. భర్త అక్కకు ఫోన్ చేశాడు. ఆమె బస్సులో నాలుగు గంటల దూరంలో ఒక ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఆమె మాట గదిలో అందరికీ వినపడుతుంది, ఫోన్ చెవికి పెట్టుకున్నా సరే.

"మంచు కరిగేదాకా మేలుకోలేదన్నమాట మీరు. సరే, రేపు వండండి. నేను పొద్దున బస్సెక్కుతా. నా డబ్బా నేను తెచ్చుకుంటా. దించకముందు మూడు గంటెలు నాక్కూడా తియ్యండి. ఫోన్ దానికివ్వు."

కోడలు అందుకుంది. "చెప్పండి వదినా."

"చూడూ, అమ్మ చీరలు అడగలేదు నేను. గొలుసు అడగలేదు. ఆఖరి చూపుకు కూడా నా బస్సు అందలేదు. ఆ సూపొక్కటి నాకు కావాలి. మా ఇంట్లో నేనూ వండుకుంటా ఇక మీద. పాడుచెయ్యవుగా?"

"లేదు వదినా."

"చెంచా కూడా తగ్గకూడదు."

కోడలు ఫోన్ పెట్టేసి చాలాసేపు దాన్నే తుడుస్తూ కూర్చుంది.

మర్నాడు ఏడింటికి మాంసం కొట్టుకు వెళ్ళింది. కొట్టతను ఆమెను చూడగానే కత్తి పక్కన పెట్టాడు. అత్తకు మిరియాలమ్మ అని పేరు పెట్టింది అతనే.

"మిరియాలమ్మ కోడలివి కదూ. మెడ ఎముకలేగా? అవిగో, పక్కన పెట్టే ఉన్నాయి."

"నేనొస్తానని మీకెలా తెలుసు?"

"తెలీదమ్మా. చెయ్యి అలవాటు. ఆదివారం రాగానే మెడ తీసి అక్కడ పెట్టేస్తుంది. తొమ్మిది దాకా చూసి ఇంకెవరికైనా ఇచ్చేస్తున్నా." ముక్కలు తూకంలో వేస్తూ తనలో తాను నవ్వుకున్నాడు. "నన్ను తిట్టని వారం లేదు మీ అత్త. ఏమయ్యా, ఎముకకు మాంసం అంటించి అమ్ముతున్నావా, మాంసానికి ఎముక అంటించి అమ్ముతున్నావా అనేది. ఇప్పుడు అందరూ ఇచ్చింది పట్టుకుపోతున్నారు. పని మీద మనసే ఉండట్లేదు."

"నన్నూ తిట్టేదిలెండి."

"అదృష్టవంతురాలివి. కాస్త రొమ్ము మాంసం కూడా వేశా. అది మీ అత్త లెక్కే, నాది కాదు."

ఎనిమిదింటికి ఎముకలు ఒక పొంగు రానిచ్చి, ఆ నురుగు నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్త నీళ్ళలో వేసింది. ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి. పప్పు కడిగింది. మూత పెట్టి గులకరాయి ఉంచింది. రాయి మొదట కదలనే లేదు. మంట పెంచితే గలగలమని పళ్ళు కొరికినట్టు మోగింది. తగ్గిస్తే మూగపోయింది. అద్దం అంచును వేలితో తడిమి ఎక్కడ ఎత్తుందో చెప్పగల మనిషి, గ్యాసు మీట దగ్గర ఓడిపోయి నిలబడింది.

"ఎక్కువైంది" అన్నాడు మామయ్య ముందు గదిలోంచి.

ఆమె తగ్గించింది.

"ఇంకొంచెం. ఆఁ. ఇప్పుడు తక్కువైంది. గోరంత పెంచు."

టక్. కాసేపాగి, టక్.

"అదీ. ఇంక ముట్టుకోకు" అన్నాడాయన. నలభై ఏళ్ళ ఆదివారాలు గోడకు ఇవతల కూర్చుని విన్న మనిషి. కోడలు తలుపులోంచి చూసింది. ఆయన చేతిలో పేపరు తలకిందులుగా ఉంది. ప్రెస్సు మనిషికి అదేం కొత్త కాదనుకుందామన్నా, కళ్ళు మూసుకుని ఉన్నాడు.

పది కావస్తుండగా మసాలా డబ్బా దింపింది. మూకుడు ఇంకా గూట్లోనే ఉంది. ధనియాలు కొలుస్తుండగా వాసన వచ్చింది. వేగిన మిరియాలు, కాస్త మాడబోయి ఆగిన జీలకర్ర. ఆమె చేతిలో గింజలు పచ్చిగా, చల్లగా ఉన్నాయి.

మామయ్య వంటగది గుమ్మం దాకా వచ్చాడు. "వేయించావామ్మా?"

"ఇంకా లేదు మామయ్యా."

ఆయన మూకుడు లేని పొయ్యి వైపు చూశాడు. ఎత్తుపీట వైపు చూశాడు. "సరే. వేయించు" అని వెళ్ళిపోయాడు.

ఆమె వేయించింది. ఎంతసేపు వేయించాలో ఆ వాసనను బట్టే తెలిసింది. ముందు వచ్చిన వాసనకూ మూకుట్లోంచి లేచిన వాసనకూ తేడా లేకుండా పోయినప్పుడు దింపింది. దంచి కుండలో వేసింది. ఆపిల్ పండు తరిగి వేసింది. పీటను గోడ దగ్గర నుంచి జరపకుండా, దాని చుట్టూ తిరుగుతూ పని చేసుకుంది.

పదకొండయింది. బక్కెట్లోంచి పాత గిన్నె తీసి గట్టు మీద పెట్టింది. మూత తీయడానికి చెయ్యి రాలేదు. ఇంకో రెండు గంటల్లో వదిన వస్తుంది. నోటికి జవాబు చెప్పవచ్చు. ఆ మాట వెనక ఉన్న ఆశకు ఏం చెప్పాలి?

మూత తీసింది. సగం కరిగి ఉంది. లేత పసుపు నీళ్ళు, అడుగున కొద్దిగా ముదురు రంగు, ఎక్కడో ఒక మిరియపు తునక. ఆమె తీసిన చెంచాలన్నీ లెక్కవేసుకున్నా ఇంత పలచబడి ఉండకూడదు. చెంచాతో కలిపి నాలుక మీద వేసుకుంది. నీళ్ళు, పసుపు. చివర్న ఎంతో దూరం నుంచి వచ్చినట్టు ఎముక.

"మామయ్యా" అని పిలిచింది. "ఒకసారి ఇలా రండి. మీకో మాట చెప్పాలి."

ఆయన వచ్చాడు. గిన్నెలోకి చూశాడు. చూసి, ఆమె నోరు తెరిచే లోపే, "నేనే అమ్మా" అన్నాడు.

"మీరేంటి?"

"శనివారాలు. నువ్వు దుకాణానికి, వాడు పనికి వెళ్ళాక. ఒక చెంచా. ఆ గుంట కనపడకుండా కాసిని నీళ్ళు పోసేవాణ్ణి. రంగు తగ్గుతోందని కాస్త పసుపు కూడా. నువ్వు పట్టుకుంటావేమోనని భయంగానే ఉండేది. చెప్పాలనే అనుకున్నాను."

కోడలు గట్టుకు ఆనుకుంది. నవ్వు వచ్చింది. నవ్వు కాని ఇంకోటి కూడా వచ్చింది. రెంటినీ మింగింది.

"నేను బుధవారాలు" అంది.

మామయ్య ఆమె ముఖంలోకి చూశాడు. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇద్దరుంటే ఒకళ్ళనొకళ్ళు కూడా పట్టుకోలేరు కాబోలు" అన్నాడు. "తిలాపాపం తలా పిడికెడు. మనది తలా చెంచా."

"ఉప్పు లేదని తెలిసిందా మీకు?"

"ఉప్పు లేదా?" ఆయన కళ్ళజోడు తీశాడు. "నా నాలుకే పోయిందనుకున్నానమ్మా. ఏం తిన్నా అలాగే ఉండేది మరి."

"ఉప్పు వెయ్యకముందే పోయారు అత్తయ్య."

"అవును కదూ."

కుండ మీద రాయి టక్కుమంది. కోడలు దాన్నే చూస్తూ, అడగకూడదనుకున్నది అడిగింది. "మరి ఆదివారాలు మీరు వెచ్చబెట్టుకునేవారా మామయ్యా? పదింటికి?"

"ఆదివారం ముట్టుకునే ధైర్యం నాకు లేదమ్మా. శనివారాలు కూడా చల్లగానే. పొయ్యి వెలిగించలేదు ఎప్పుడూ." ఆగాడు. "నువ్వనుకున్నాను నేను."

ఇద్దరూ రాయి మూడుసార్లు టక్కుమనేదాకా అలాగే నిలబడ్డారు.

"పోసెయ్" అన్నాడు చివరికి. "ఉన్నంతే ఉంది. ప్రెస్సులో అరిగిపోయిన సీసం అక్షరాలన్నీ ఏడాదికోసారి కరిగించి కొత్తవి పోయించేవాళ్ళు. ఆ సీసంలో ఏ పుస్తకం ఎంత ఉందో ఎవరు తేల్చగలరు? పోసెయ్."

ఆమె రాయి దించి, కుండ మూత తీసి గిన్నె వంచింది. అది సూపులో కలిసిపోవడానికి రెండు క్షణాలు పట్టింది. మళ్ళీ మూత పెట్టి రాయి ఉంచింది. చప్పుడు లేదు. కుండ వేడెక్కాక మొదలైంది. ఈసారి మామయ్య ఏమీ చెప్పలేదు. ఆమె చెయ్యే మీట మీదికి వెళ్ళి గోరంత పెంచింది.

వదిన పన్నెండున్నరకు వచ్చింది. గుమ్మంలోనే ఆగి ఊపిరి లోపలికి తీసింది. తమ్ముడి నెత్తి మీద ఒకటి మొట్టి, "పొట్ట పెరిగింది. లిఫ్టులో నీ ఒక్కడికే బరువు సరిపోతుందేమో" అంది. తండ్రి చేతులు పట్టుకుని నాడి చూస్తున్నట్టు కాసేపు వదల్లేదు. బ్యాగులోంచి కొత్త స్టీలు డబ్బా తీసి కోడలి చేతిలో పెట్టింది. దాని మూత మీద ప్లాస్టరు ముక్క అంటించి, ఆసుపత్రి అలవాటు కొద్దీ దాని మీద పెన్నుతో రాసింది: అమ్మ. ఆ రోజు తేదీ.

"ఇదిగో. నేను స్నానం చేసి వస్తా" అంది.

వంటగదిలో రెండు ఖాళీ గిన్నెలు పక్కపక్కన ఉన్నాయి. నీలం గీత గిన్నె, ప్లాస్టరు అంటించిన డబ్బా. కొబ్బరిపాలు పిండి సిద్ధంగా ఉన్నాయి. పోయకముందే తీయాలి. కోడలు గంటె చేతిలోకి తీసుకుంది.

మామయ్య వెనకనే వచ్చాడు. గొంతు తగ్గించాడు. "నింపేద్దాం దానిది. సగం వాళ్ళమ్మదే అందాం. దానికి తెలుస్తుందా?"

"తెలీదు."

"మరి?"

"వదిన ముప్ఫై ఏళ్ళు వండుకున్నా అందులో అమ్మను వెతుక్కుంటారు మామయ్యా. ఆవిడ పోయాక వాళ్ళ పిల్లలు వెతుక్కుంటారు."

"నిజం చెప్తే దాని మనసు కష్టపడుతుంది."

"పడుతుంది."

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఆమె ఆలోచించింది. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగింది. వదిన దేన్నో వెతుక్కుంటూ సన్నగా ఏదో కూనిరాగం తీస్తోంది. ఆ గొంతు అచ్చం అత్తదే. ఇన్నేళ్ళలో కోడలు ఎప్పుడూ గమనించలేదు. గంటె పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. నింపాలో వద్దో తేల్చుకోలేక ఆమె గంటె దించి కొబ్బరిపాల గిన్నె ఎత్తి కుండలో పోసేసింది. తెల్లటి చార పాకి, కలిసిపోయింది. ఉప్పు వేసింది. అరమిల్లీమీటరు చూడలేదు. పొయ్యి ఆపి నిమ్మకాయ పిండింది.

నలుగురూ కూర్చున్నారు. గిన్నెల్లో ఒక్కో చెంచా అన్నం వేసి పైన సూపు పోసింది. మొదటి చెంచా ఎవరు తింటారా అని అందరూ ఒకరి కోసం ఒకరు చూశారు. భర్త తాగి, కళ్ళు తుడుచుకుని, "కారంగా ఉంది" అన్నాడు. కారంగా లేదు.

వదిన తిన్నది. అంత నోరున్న మనిషి గిన్నె ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు. ఇంకోసారి పోయించుకుంది. ఎముకను వేళ్ళతో పట్టుకుని మూలుగ పీల్చి, కంచం అంచున పెట్టింది. అత్త అలాగే ఎముకలను వరసగా పెట్టేది.

"అమ్మ ఇంకొంచెం పులుపు వేసేది" అంది. కాసేపాగి, "లేదులే. అమ్మ కూడా ఇంతే వేసేదేమో. నాకు గుర్తు లేదు" అంది. తరువాత, "నా డబ్బా నింపావా?" అని అడిగింది.

"లేదు వదినా. కొబ్బరిపాలు పోసేశాను."

వదిన చెంచా గిన్నెలో పెట్టింది.

"అమ్మ ఒక్క వారం మర్చిపోలేదు. నువ్వు మర్చిపోయావా?"

"మర్చిపోలేదు."

వదిన ఆమె వైపు చూసింది. రోగి ముఖం చూసి, అడిగిందానికి జవాబు రాలేదని గ్రహించే చూపు అది. ఆ తరువాత తండ్రి వైపు చూసింది. ఆయన తన చెంచాలో ఏదో అచ్చుతప్పు ఉన్నట్టు దాన్నే పరీక్షిస్తున్నాడు.

"నాన్నా?"

"తిను" అన్నాడాయన. "చల్లారిపోతుంది."

అప్పుడు వంటగదిలోంచి వినపడింది. టక్. ఊపిరి తీసి వదిలేంత సేపు ఆగి మళ్ళీ, టక్.

భర్త చెంచా దించాడు. "కుండ చల్లారుతుంటే మూత అలాగే చప్పుడు చేస్తుంది" అన్నాడు. పొయ్యి ఆపేటప్పుడే మూత తీసి గట్టు మీద పెట్టానని, రాయి కిటికీ గూట్లో ఉందని కోడలికి గుర్తుంది. లేచి వెళ్ళి చూడలేదు. వదిన మెడ ఎత్తి వింటోంది. పొద్దుటి నుంచీ బిగించి ఉన్న ఆమె భుజాలు కొంచెం కిందికి దిగాయి.

ఆ సాయంత్రం ఆమె బయలుదేరుతూ ఇంకేమీ అడగలేదు. చెప్పులు వేసుకుంటూ, "నా డబ్బా ఇక్కడే ఉంచు. మళ్ళీ వస్తా" అంది కోడలితో. "అప్పుడు చెబుదువుగాని."

"అలాగే వదినా."

కుండ కడిగారు. గులకరాయి కడిగారు. ఎత్తుపీట ఎక్కడిది అక్కడే ఉంది. నీలం గీత గిన్నె, దాని పక్కన ప్లాస్టరు అంటించిన డబ్బా, రెండూ అరలో బోర్లించి ఉన్నాయి. ఈ వారం వాటిలోకి సూపు తీయలేదు. వదినకు ఇంకా చెప్పలేదు.